తొలిచేతి అయిదు చిప్పలు

వర్ణికాపురానికి నాలుగు గుమ్మాలు. తూర్పు గుమ్మం ఇంగిలీకం పూసిన ఎరుపు, దక్షిణపుది పసుపు, పడమటిది నీలి, ఉత్తరపుది ముత్యపు పొడి మెత్తిన తెలుపు. లోపల వీధికాలువల్లో నీళ్ళు పూటకొక రంగులో పారతాయి. ఆ నీళ్ళలో నిలబడే కొంగలకు మోకాళ్ళ దాకా గులాబీ రంగు, ఆ గట్ల మీద మేసే మేకలకు గడ్డాలు ఆకుపచ్చ. మేడల గోడల మీద నెమళ్ళు, ఏనుగులు, వెన్నెల్లో విహరించే గంధర్వులు. ఇంటి ముందు ముగ్గు వెయ్యడానికి కూడా ఆ ఊరి ఆడవాళ్ళు తొమ్మిది రంగులు వాడతారు. అంత అందమైన పట్టణంలోకి ఆ ఉదయం ఏడుపు మొహంతో అడుగుపెట్టినవాడు ఒక్కడే. వాడు హరితద్రోణి యువరాజు సోమకీర్తి.

యువరాజు అని అతన్ని చూసి ఎవరూ అనుకోరు. ఒంటి మీద గోనెబట్ట, చేతులకు మోచేతుల దాకా బంకమట్టి, భుజాన బొమ్మలు చేసేవాళ్ళ సంచి. నడుముకు కట్టుకున్న గుడ్డలో మాత్రం బొటనవేలంత రాతిబొమ్మలు రెండున్నాయి. ఒకటి అతని చెల్లెలు తరళ. రెండోది గుర్రపుసాల పోలయ్య.

మొన్న జంభకేతు అనే మాంత్రికుడు హరితద్రోణి కోట బురుజెక్కి పిడికెడు బూడిద ఊదాడు. కోటలో ఉన్న ప్రతి మనిషీ ఒంటి రంగంతా కారిపోయి చిన్న బొమ్మగా బిగుసుకుపోయాడు. వేటకు వెళ్ళిన సోమకీర్తి ఒక్కడే తప్పించుకున్నాడు. తిరిగి వచ్చేసరికి మాంత్రికుడి భటులు బొమ్మల్ని గంపలకెత్తి కొలిమిలో పోస్తున్నారు. ప్రాణాలకు తెగించి దూకితే అతని చేతికందినవి ఈ రెండే. తల్లీ తండ్రీ ఏ గంపలో పోయారో అతనికి తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు.

దారిలో ఒక సిద్ధుడు ఉపాయం చెప్పాడు. "మూడో రోజు పొద్దు కుంకేలోగా వాళ్ళ రంగులు వాళ్ళకు తిరిగి వెయ్యాలి. వాళ్ళ చేతి ముద్ద తిన్నవాడే వెయ్యాలి, ఎంత గొప్ప చిత్రకారుడైనా పరాయివాడు వేస్తే పనికిరాదు. కళ్ళు వేసిన క్షణంలో ప్రాణం లేస్తుంది. ఏ రంగు వేస్తే ఆ రంగుతోనే లేస్తారు. తుడిచి మళ్ళీ వేస్తానంటే కుదరదు."

ముద్ద మాటకు లోటు లేదు. బువ్వలాటలో తరళ పెట్టిన అటుకులు అతను తిన్నాడు. ఆరేళ్ళప్పుడు అంతఃపురం నుంచి పారిపోయి గుర్రపుసాలలో దాక్కున్నప్పుడల్లా, గుర్రాలకు ఉడికించిన ఉలవల్లోంచి పోలయ్య తీసి పెట్టిన గుగ్గిళ్ళూ తిన్నాడు. లోటల్లా చేతిది. ఇరవై రెండేళ్ళ జన్మలో సోమకీర్తి కుంచె పట్టి ఎరగడు. మూడో రోజు ఇదే.

ఉత్తర గుమ్మం దగ్గర, తప్పించుకున్నవాడి కోసం కాపు వేసిన జంభకేతు భటుడొకడు చెరుకు నములుతూ అతని చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశాడు.

"ఈ కాయేంట్రా? కత్తి పట్టినట్టుంది."

"ఉలి కాయ బాబూ. బొమ్మలు చెక్కుతాను. రంగులకొచ్చాను."

భటుడు వదిలాడు గాని వదలనట్టే వదిలాడు. పది బారల ఎడంగా వెనకాలే వచ్చాడు. సోమకీర్తి కంటికి కనిపించిన మొదటి రంగుల కొట్టులోకి దూరాడు.

ఆ కొట్టు చిప్పల నూకమ్మది. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా ఆల్చిప్పలు, ప్రతి చిప్పలో ఒక రంగు. పావురం మెడ రంగు, తామరపువ్వు లోపలి రంగు, వానకు ముందు మబ్బు రంగు, పండిన నేరేడు రంగు. నూకమ్మ ముసలిది. రోకలి పట్టి పట్టి ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి. ఏ వేలు ఏ రంగో చెప్పలేనట్టుగా ఉన్నాయి.

"ఎన్ని కావాల నాయనా?" అంది.

"ఎన్ని ఉంటే అన్నీ."

నూకమ్మ నవ్వింది. "కుంచె పట్టడం ఇదే మొదలు గావాల. మొదట వచ్చినోళ్ళందరూ ఈ మాటే అంటారు. పట్టుకెళ్ళి మూతలు తీసి వరసగా పెట్టుకుని చూసుకుంటారు. సాయంత్రానికి రంగులన్నీ ఎండిపోతాయి, బొమ్మ బొమ్మలాగే ఉంటది."

వర్ణికాపురంలో ఒక ఆచారముంది. మొదటిసారి కుంచె పట్టేవాడికి ఏ కొట్టువాళ్ళైనా అయిదు చిప్పల రంగు ఊరికే ఇవ్వాలి. వాటిని తొలిచేతి చిప్పలంటారు. ఇచ్చిన గుర్తుగా బొటనవేలి మీద పచ్చబొట్టు చుక్క పొడుస్తారు. చుక్క పడ్డవాడికి చిత్రకారుల పేటలో ఏడాది ఊడిగం చేస్తే తప్ప ఆ ఊళ్ళో మరో చిప్ప పుట్టదు. కాబట్టి ఆ అయిదూ ఏవో చూసి అడగడమే మొదటి విద్య అని అక్కడివాళ్ళు అంటారు.

నూకమ్మ ఒక్కొక్క చిప్పే దించింది.

"ముందు తెలుపు. ఒళ్ళంతా తెలుపు పుయ్యకపోతే ఏ రంగూ రాయిని పట్టుకోదు. తరవాత ఎరుపు, పసుపు, నీలి. ఈ మూడూ ఉంటే ఆ అరల్లో సగం నీ చేతిలో ఉన్నట్టే. పచ్చ కావాలంటే పసుపులో నీలి కలుపు. మనిషి ఒంటి రంగు కావాలంటే ఎరుపూ పసుపూ తెలుపూ కలుపు. ఒంటి రంగని విడిగా చిప్ప అంటగట్టేవోడి మాట నమ్మకు. నీళ్ళు పోసి పాలలాగ పల్చన చేసుకో. ఒక పూత ఆరేకే ఇంకో పూత. గంజిలాగ పూసేవనుకో, ముక్కూ మూతీ పూడిపోతాయి."

"సరే," అన్నాడు సోమకీర్తి. చూపు వీధి వైపే ఉంది. భటుడు కొట్టు అరుగు మీద కూర్చుని చెరుకు పిప్పి ఉమ్ముతున్నాడు.

"ఇంకో మాట. మొదటి బొమ్మ ఎవుడికైనా పాడవుద్ది. నాకూ పాడయింది, మా అమ్మకీ పాడయింది. పోయినా ఏడుపు రాని బొమ్మేదో చూసుకుని అది ముందు వెయ్యి." నూకమ్మ అయిదో చిప్ప కోసం చెయ్యి చాచి ఆగింది. "నలుపు ఇవ్వనా? మా ఊళ్ళో ఎవళ్ళూ అడగరు, ఇంట్లోనే చేసుకుంటారు. నువ్వూ చేసుకుంటావు గదా?"

సోమకీర్తి మదపుటేనుగును ఒంటరిగా లొంగదీయగలడు. చీకట్లో చప్పుడు విని బాణం వెయ్యగలడు. పద్దెనిమిది దేశాల వంశవృక్షాలు కంఠతా చెప్పగలడు. నలుపు ఎలా చేస్తారో మాత్రం అతనికి తెలియదు. తెలియదు అన్న ఒక్క మాట అంటే సరిపోయేది. భటుడు వింటాడన్న భయం కొంత నిజమే, కాదనను. అయితే ముసలమ్మ చెవిలో గుసగుసగా అడగడానికి ఏ భటుడు అడ్డొచ్చాడు? పల్లెటూరి పసిపిల్లకు తెలిసింది తనకు తెలియదని చెప్పుకోవడానికి యువరాజుకు నోరు రాలేదు. ఆ నోటికి మన్ను కొట్ట.

"చేసుకుంటాను," అన్నాడు. "అయిదోది బంగారం ఇవ్వండి."

"మొదటి చేతికి బంగారమా? అది లేకపోతే ఏ బొమ్మకీ లోటు రాదు నాయనా."

"కావాలి." తరళ తల మీద సన్నని బంగారు కిరీటం ఉండేది. కిరీటం లేని చెల్లెల్ని అతను ఊహించుకోలేకపోయాడు.

నూకమ్మ బంగారం చిప్పా దించింది. అయిదు చిప్పలకూ మైనపు మూతలు వేసి, జిగురు పొట్లమూ ఉడుత తోక కుంచే పైన పెట్టి సంచిలో సర్దింది. సూదితో అతని బొటనవేలి మీద చుక్క పొడిచింది. నెత్తురు తుడుచుకుంటూ అతను గుమ్మం దాటేసరికి భటుడు లేచి నిలబడ్డాడు.

"బొమ్మలోడివి నలుపు మానేసి బంగారం అడిగావు. ఏ రాజకుమారి కిరీటానికిరా?"

సోమకీర్తి జవాబు మోకాలితో చెప్పాడు. భటుడు కడుపు పట్టుకుని కూలబడి కొమ్ము ఊదాడు. వీధి రెండు కొసల నుంచీ ఈటెలు పరిగెత్తుకొచ్చాయి. సోమకీర్తి పక్క గోడ దూకాడు. అది అద్దకంవాళ్ళ పెరడు. తడి చీరలు వరసలు వరసలుగా వేలాడుతున్నాయి. ఎర్ర చీరలోంచి దూరి పచ్చ చీరలోంచి తేలాడు. ఒక ఈటె అతని చెవి పక్కనుంచి పోయి పసుపు బానను పగలగొట్టింది. ఇద్దరు భటులు ఆ పసుపులో జారిపడ్డారు. మూడోవాడు జుట్టు పట్టుకుంటే ఆ జుట్టు కొంత వాడి చేతిలోనే వదిలి సోమకీర్తి కాలువలోకి దూకాడు. సంచిని నెత్తిన పెట్టుకుని, ఉత్తర గుమ్మం కింద తూము ఊచల మధ్యనుంచి ఒళ్ళు గీరుకుపోతుండగా అవతలికి దూరి ఈల వేశాడు. తుప్పల్లోంచి గాలివాన అనే అతని గుర్రం వచ్చింది. వెనక పాతికమంది రౌతులు బయల్దేరారు.

రెండు వాగులు దాటి, ముళ్ళకంచె దూకి, వచ్చిన జాడ తెలియకుండా కోసెడు దూరం సెలయేట్లో నడిపించి, కత్తెరకనుమ మొదట్లో ఉన్న గుహ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కనుమ అవతలికి పోతే మాంత్రికుడి కన్ను పడని మిత్రరాజ్యం. అయితే ఆ కనుమలో గుర్రం పోగల దారి ఒకటే ఉంది. అది తెలిసినవాడు పోలయ్య ఒక్కడే.

సోమకీర్తి బొమ్మల్ని చదునైన రాతి మీద నిలబెట్టాడు. తరళ నవ్వబోతూ ఆగిపోయినట్టుంది. పోలయ్య పిడికిలి అక్కడ లేని కళ్ళేన్ని పట్టుకున్నట్టే బిగిసి ఉంది. మొదటి బొమ్మ పాడవుతుందన్న మాట గుర్తొచ్చింది. ఎవరిని ముందు వెయ్యాలో తేల్చుకోవడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు. అంత తొందరగా తేలినందుకు సిగ్గు కూడా కలగలేదు. పోలయ్యను ముందుకు జరిపాడు.

తెలుపు పూశాడు. ఆరేదాకా ఆగలేక ఆగాడు. ఎరుపు, పసుపు, తెలుపు కలిపి ఒంటి రంగు చెయ్యబోతే మొదట చిలకముక్కు రంగొచ్చింది, తరవాత గుమ్మడిపండు రంగొచ్చింది. మూడోసారికి మనిషి రంగులాంటిది ఏదో కుదిరింది. తలపాగాకు ఎరుపు, పంచెకు తెలుపు వదిలేశాడు. కుంచె జారి ఎరుపు చెవి మీదికి పాకింది. తుడవబోతే బుగ్గంతా అయింది. మళ్ళీ ఒంటి రంగు, ఆరడం, మళ్ళీ పూత. పొద్దు మాత్రం ఆరడానికి ఆగలేదు. గుహ ముందు నీడలు పొడుగవుతున్నాయి.

ఆఖరికి జుట్టు, మీసం, కళ్ళు మిగిలాయి. పోలయ్యవి నల్లని మీసాలు. అంత నలుపు కోటలో మరెవరికీ లేదు.

నలుపు లేదు.

సోమకీర్తి రాళ్ళు నూరాడు, ఆకులు నలిపాడు, రంగులన్నీ కలిపి బురద చేశాడు. ఏదీ నలుపు కాలేదు. చేసుకుంటానన్న తన మాటే గుహ గోడల్లోంచి వినబడుతున్నట్టు తోచి చెవులు మూసుకున్నాడు. కనుమ కింద ఎక్కడో కొమ్ము ఊదారు. ఇక దారిలేక జుట్టూ మీసమూ తెల్లగానే వదిలేశాడు. కళ్ళకు నీలి తీసుకున్నాడు. నీళ్ళు కలిపితే పల్చబడి వెలిసిపోతుందని భయపడి గంజిలాగ చిక్కగానే పెట్టాడు. ఎడమ కన్ను, కుడి కన్ను.

రాయి నిట్టూర్చింది. బొమ్మ పెరిగి పోలయ్య అయింది. ముప్పై అయిదేళ్ళ మనిషి డెబ్భై ఏళ్ళ తలతో లేచి నిలబడ్డాడు. కళ్ళలో తెల్లగుడ్డు లేదు, నల్లగుడ్డు లేదు. రెండు కళ్ళూ ముదురు నీలి.

"ఎవరది? చినబాబుగోరేనా? మీ సెమట వాసన నాకు తెలుసులెండి."

"నేనే పోలయ్యా."

"పొద్దెప్పుడు గుంకింది బాబూ? దీపం పెట్టలేదేటి?"

గుహ నిండా ఎండ పడి ఉంది. పోలయ్య మొహం మీద కూడా ఎండ పడుతోంది. పోలయ్య చెయ్యి చాచి గాలిని తడిమాడు, రాతిని తడిమాడు, ఆ ఎండ వేడి అరచేతికి తగిలి ఆగిపోయాడు. రాత్రిపూట రాయి అంత కాలదని అతనికి తెలియనిది కాదు.

"పగలేనా?" అన్నాడు.

సోమకీర్తి అంతా చెప్పాడు. కోట సంగతి, బూడిద, సిద్ధుడి మాట, అయిదు చిప్పలు. బంగారం సంగతీ దాచలేదు. నిన్ను ఎందుకు ముందు వేశానో మాత్రం చెప్పలేకపోయాడు. పోలయ్య అడగలేదు. అడగకపోవడమే అతన్ని ఎక్కువ కోసింది.

"నలుపు దొరకలేదు పోలయ్యా. నలుపు ఎలా చేస్తారో నాకు తెలియదు."

పోలయ్య తన గుడ్డికళ్ళను అతని గొంతు వైపు తిప్పాడు. "దీపం మసే గదా బాబూ. చిన్నప్పుడు మీ బుగ్గన దిష్టిచుక్క ఏటనుకున్నారు? రోజూ నేనే పెట్టేవోణ్ణి. గుర్రాలకి పెట్టిన చేత్తోనే మీకూను."

సోమకీర్తి గుర్రం వైపు చూసి ఏడ్చాడు. గాలివాన జీను సంచిలో గిట్టలకు రాసే ఆముదం ఉంది. గోనెబట్ట చింపితే వత్తి ఉంది. చెకుముకి నడుముకే ఉంది. నలుపు పొద్దుట నుంచీ తన వెంటే వస్తోంది. ఇక ఎంత నలుపున్నా ఆ కళ్ళకు పనికిరాదు. తుడిచి మళ్ళీ వేస్తానంటే కుదరదు.

"ఇది ఏడిసే ఏళ కాదు బాబూ. తరళమ్మగోరి మాటేటి?"

"తెలుపు కూడా పడలేదు."

"అయితే మీరు తెలుపు కానియ్యండి. మసి నేను పడతాను."

పోలయ్య ఆముదంలో వత్తి నానేసి, ఒక వేలుతో మంట వేడి చూసుకుంటూ, గాలివాన జీను రికాబును దాని మీద బోర్లించి పట్టుకున్నాడు. రెండు వేళ్ళు కాలాయి, పట్టు వదల్లేదు. ఇటు సోమకీర్తి తరళను చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి ఒంటి రంగు రెండోసారికే కుదిరింది. పరికిణీకి పచ్చ, పైటకు ఎరుపు. పాడైన మొదటి బొమ్మ నేర్పిన పాఠమది. ఒక్కో గీతా సరిగా పడినకొద్దీ అతనికి ఏడుపు ఎక్కువైంది. కిరీటం చోట బంగారం చిప్ప మూత కూడా తియ్యలేదు. దాన్ని గుహ మూలకు విసిరికొట్టాడు.

పొద్దు కొండకొనకు బారెడు ఎత్తులో ఉంది. కింద సెలయేటి రాళ్ళ మీద లాడాల చప్పుడు మొదలైంది. పోలయ్య తల వంచి విన్నాడు.

"పాతిక గుర్రాలు. ఒకదానికి లాడం వదులయింది. ఇక్కడికి రావడానికి ఎంతో సేపు పట్టదు." రికాబు అతని చేతికిచ్చాడు. దాని కడుపు నిండా మెత్తని నల్లని మసి. "జిగురులో రంగరించుకోండి. పాలలాగ."

సోమకీర్తి రంగరించాడు. జుట్టు వేశాడు, కనుబొమలు వేశాడు. కళ్ళ దగ్గరికొచ్చేసరికి చెయ్యి గజగజ వణికింది. కుంచె రికాబు అంచుకు టకటకా కొట్టుకుంది.

"పొద్దుట నించీ ఏటైనా తిన్నారా?" అన్నాడు పోలయ్య.

"లేదు."

పోలయ్య మొలలో గుడ్డ తడిమి పిడికెడు గుగ్గిళ్ళు తీశాడు. మొన్న గుర్రం కోసం కట్టుకున్నవి, అతనితో పాటే రాయై అతనితో పాటే లేచాయి. నోరు ఎక్కడుందో తెలియక చెయ్యి ముందు సోమకీర్తి బుగ్గకు తగిలింది. ఆ బుగ్గ తడిసి ఉంది. పోలయ్య ఆ తడిని బొటనవేలితో తుడిచి, నోరు వెతికి పట్టుకుని గుగ్గిళ్ళు పెట్టాడు.

"తినండి. ఆకలికే చెయ్యి వణుకుతాది."

సోమకీర్తి నమిలాడు. మింగాడు.

"పోలయ్యా, నిన్ను ముందు ఎందుకు వేశానంటే..."

"తెలుసు బాబూ." పోలయ్య లేచి, గాలివాన మెడ పట్టుకుని, గోడ తడుముకుంటూ గుహ ముఖం వైపు నడిచాడు. అక్కడ జీను పలుపు అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. "నాకెలాగూ రాత్రే. మీకింకా ఎలుగుంది. అదున్నంతసేపూ మీరు యెయ్యండి."

లాడాల చప్పుడు గుహ కింది మెట్టకెక్కింది. సోమకీర్తి ఊపిరి బిగబట్టి కుంచె కొనను మసిలో ముంచి ఎడమ కన్ను పెట్టాడు. నల్లగా, గుండ్రంగా, సరిగ్గా కుదిరింది. రాతి మొహంలో ఆ ఒక్క కన్నూ తడిగా మెరిసి, రెప్ప వేసి, తెరుచుకుంది. తరళ చూస్తోంది. అన్న వైపు కాదు, అతని భుజం మీదుగా గుహ ముఖం వైపు. అప్పుడే రాతి మీది వెలుగు చటుక్కున తగ్గింది. అది పొద్దు కుంకడమో, గుర్రం మీద ఎవరో అడ్డు నిలవడమో చూడడానికి అతను తల తిప్పలేదు. రెండో కన్ను కోసం కుంచె మసిలో ముంచాడు. వెనక పోలయ్య పలుపు గాలిలో ఈల వేసింది.